కంకరమ్మ కొలత

మా చీరాలలో రాయి దొరకదు. తవ్వితే ఇసక, ఇంకా తవ్వితే నీళ్ళు, ఇంకా తవ్వితే పక్కింటివాడితో తగాదా. అలాంటి ఊళ్ళో టిఫిన్ బండి పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి పట్టుకుని, శ్రావణమాసం మొదట్లో ఒక పొద్దున, ఇడ్లీ పాత్ర ఆవిరి కక్కుతున్న సమయంలో, ఎమ్మిగనూరు నుంచి నాగమ్మవ్వ ఫోను చేసింది.

"నాయనా, ఈడ రోడ్డు ఎడల్పు జేస్తాండారు. కంకరమ్మ కుప్పను లేపేస్తారంట. మీ నాయన పోయినంక మీ ఇంటి రాయి ఒకటి గూడా పడలే. ఒక రాయి ఎయ్యాల నువ్వు. ఒంటిగా రావాకు, పిల్లను గూడా తోలుకోని రా."

అంతే, పెట్టేసింది. నేను అడగాల్సినవి నోట్లోనే ఉడికిపోయాయి.

నాగమ్మవ్వ మా నాన్నకు వరసకు మేనత్త. ఎనభై దాటిన మనిషి. మా వంశం అసలు అటువైపుదే. ముత్తాత కాలంలో ఏదో పెద్ద కరువు వస్తే, కాలినడకన సముద్రం దాకా వచ్చి, ఇక ముందుకు పోవడానికి దారి లేక చీరాలలో ఆగిపోయామని మా నాన్న అనేవాడు. కంకరమ్మ అంటే ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు పక్కన ఉన్న అమ్మవారనీ, ఆమెకు కొబ్బరికాయ కాదు, రాయి వేయాలనీ మాత్రం తెలుసు. ఎందుకు వేయాలో తెలీదు. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. 'ఎందుకు' అనే మాట ఎనిమిదో తరగతిలో నేర్పుతారేమో మరి.

రాయి అనగానే నాకు భక్తి పొంగింది. అమ్మవారికి ఏదో ఒక రాయి తీసుకెళ్తామా? మా పక్కనే చీమకుర్తి ఉండగా! నల్లటి గ్రానైటు పలక ఒకటి, ముఖం చూసుకుని మీసం దువ్వుకునేంత నునుపుది, కొన్నాను. దాని మీద 'చీరాల టిఫిన్ బండి కుటుంబం వారి భక్తి సమర్పణ' అని చెక్కించాను. గుళ్ళో ఫ్యాను ఇచ్చినవాడు రెక్క మీద పేరు రాయించుకుంటాడు, గాలి వచ్చినప్పుడల్లా పేరు తిరుగుతుంది. నా పలక కదలకుండా ఉంటుంది, చదువుకోవడం తేలిక. చెక్కినవాడు "సెల్ నంబరు కూడా వేయమంటారా?" అన్నాడు. వేయించేవాణ్ణే. డిగ్రీ మొదటి సంవత్సరం చదివే మా అమ్మాయి హారిక నా వైపు చూసిన చూపుకి ఆగిపోయాను.

ఆదోని: ముందు నా కాలికే సమర్పణ

రైలు గోల మీకెందుకు. ఆదోనిలో దిగామనుకోండి. దిగగానే చుట్టూ కొండలు. కొండలంటే మామూలు కొండలు కావు. బండ మీద బండ, దాని మీద ఇంకో బండ, ఎవరో పనిలేనివాడు పేర్చి, పడతాయేమో చూద్దామని పక్కన కూర్చున్నట్టు ఉంటాయి. రాయి లేని ఊరి నుంచి రాళ్ళ ఊరికి నేను రాయి మోసుకొచ్చాను.

"నాన్నా, సముద్రానికి ఉప్పు ప్యాకెట్టు తీసుకెళ్ళినట్టుంది" అంది హారిక.

జవాబు చెప్పేలోపు సంచీ అడుగు చిరిగింది. పలక నా కుడికాలి బొటనవేలి మీద పడింది. అమ్మవారికి తెచ్చిన సమర్పణ ముందుగా నాకే అందింది. నేను ఒంటికాలి మీద ఎగురుతుంటే ఎదురుగా ఉన్న ఉగ్గాని కొట్టు అక్క స్టూలు ముందుకు తోసింది.

"కూకో అన్నా, కూకో. ఏమన్నా అది, గుడికి గచ్చు బండా?"

"సమర్పణ అక్కా."

"అట్లనా. నీ కాలు సమర్పణ అయింది గదా. ఉగ్గాని తిను, నొప్పి మర్సిపోతావు."

మేం మరమరాలు అనేదాన్ని వీళ్ళు బొరుగులంటారు. మా వైపు వాటిని ముంత మసాలాలో పడేసి, సాయంత్రం కాలక్షేపానికి నములుతాం. వీళ్ళు నీళ్ళలో నానబెట్టి పిండి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి, పొద్దున్నే కడుపు నిండా తినే టిఫిన్ చేశారు. పక్కన మిరపకాయ బజ్జీ. మా బజ్జీలో మిరపకాయ పేరుకు ఉంటుంది, ఆదోని బజ్జీలో పెత్తనానికి ఉంటుంది. కళ్ళ నీళ్ళు కాలి నొప్పివా, బజ్జీవా తేల్చుకోలేక రెండో ప్లేటు తిన్నాను. ఇంత పెద్ద ప్లేటు మా ఊళ్ళో కాఫీ ధరకే పెడుతోందని తెలిశాక, వ్యాపారస్థుడిగా నాకు మూడో నొప్పి మొదలైంది.

బస్టాండులో ఏ బస్సు చూసినా ఉరుకుంద ఈరన్న స్వామి గుడికే. శ్రావణమాసం మరి. జనం కిటికీల్లోంచి తువ్వాళ్ళు, పిల్లల్ని, ఒకచోట ముసలాయన్ని కూడా సీటు కోసం లోపలికి పంపుతున్నారు. తోపులాటలో మేమూ ఒక బస్సు ఎక్కేశాం. పక్కనున్న పెద్దమ్మ, "ఏ కోరికకు పోతాండారప్పా?" అని అడిగితే, "ఎమ్మిగనూరు పోవాలని కోరిక" అన్నాను. బస్సంతా నవ్వి, మా ఇద్దరినీ, మా బండనూ కిందికి దింపారు.

కిటికీలోంచి పడిన రాళ్ళు

ఎమ్మిగనూరు బస్సులో నా పక్కన తలపాగా పెద్దాయన కూర్చున్నాడు. దారికి అటూ ఇటూ మోకాలెత్తు పత్తి చేలు, మధ్యలో నల్లమట్టి. రోడ్డు సగం తవ్వి ఉంది. బస్సు ఊగినప్పుడల్లా ఆయన కొత్త రోడ్డు వేసేవాళ్ళను తిడుతూ, పాత రోడ్డును మెచ్చుకున్నాడు.

"ఇది తెల్లోడు ఏసిన దారప్పా. అడుగున కంకర జూడు, ఇనుం మాదిరి ఉండాది. ఇప్పటోళ్ళు ఏసేది ఒక వానకు పోతాది."

నేను తలూపాను. మా బండి దగ్గర కూడా రోజూ ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. తెల్లవాడి వంతెన, తెల్లవాడి రైలు, తెల్లవాడి రోడ్డు. దానికి తలూపితే గిరాకీ ఇంకో దోసె చెబుతుంది.

ఎమ్మిగనూరు ఇంకాస్త దూరం ఉందనగా బస్సు నెమ్మదించింది. స్టాపు లేదు, ఎవరూ చెయ్యెత్తలేదు. కండక్టరు, ఖాకీ చొక్కా మీద శాలువాలా తువ్వాలు వేసుకున్న పొట్టి మనిషి, గట్టిగా అరిచాడు: "కంకరమ్మ వచ్చినాది. ఏసేటోళ్ళు ఏయండప్పా. తలకాయ బయటికి పెట్టొద్దండి!"

నాలుగైదు కిటికీల్లోంచి చేతులు బయటికి వెళ్ళాయి. టప్ టప్ మని రాళ్ళు పడ్డాయి. మా వైపు రైలు కృష్ణ దాటేటప్పుడు చిల్లర విసురుతాం. ఇక్కడ జనం రాళ్ళు జేబులో పెట్టుకుని బస్సెక్కుతున్నారు! నేను తొంగి చూశాను. నా ఛాతీ ఎత్తున పగలగొట్టిన కంకర కుప్ప. అంతే. పసుపు లేదు, కుంకుమ లేదు, జెండా లేదు, హుండీ లేదు. మా వైపైతే మైలురాయికి పొరపాటున పసుపు అంటితే వారం తిరక్కుండా కమిటీ వేస్తాం.

"అమ్మవారు ఎక్కడ?" అని అడిగింది హారిక.

"అదే" అన్నాడు పెద్దాయన.

"విగ్రహం?"

"ల్యా."

"ఎందుకు లేదు?"

ఆయన తలపాగా సర్దుకుని, నిద్రపోయినట్టు కళ్ళు మూసుకున్నాడు.

ఎమ్మిగనూరు: నా పలకకు దొరికిన ఉద్యోగం

నాగమ్మవ్వ ఉండే వీధిలో మగ్గాల చప్పుడు ఇంకా కొన్ని ఇళ్ళలోంచి వినిపిస్తోంది. మా చీరాల మగ్గానికీ దీనికీ శ్రుతిలో తేడా ఉందని నాకనిపించింది. అవ్వ కొడుకు ఈరన్న మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, "రా అన్నా, రా పాపా" అన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, మెత్తని మాట. కూర్చోకముందే జొన్నరొట్టె, వంకాయ కూర, శెనిక్కాయల ఊరిబిండి అనే పచ్చడి వచ్చాయి. రొట్టె కొట్టే చప్పుడు చప్పట్లు కొట్టినట్టుంటుంది. ఈ వీధిలో ఇంటింటికీ చప్పట్లే.

తిన్నాక నేను గొంతు సవరించుకుని పలక బయటికి తీశాను. అవ్వ మసక కళ్ళతో దగ్గరగా చూసింది. చేత్తో తడిమింది. చెక్కిన అక్షరాల మీద వేలు ఆగింది.

"ఏమి రాసినారే పాపా దీని మీద?"

హారిక చదివింది. అవ్వ మొహం మారిపోయింది.

"పేర్లు లేనోళ్ళ కాడికి పేరు సెక్కించుకోని వచ్చినావా నాయనా?"

నాకు అర్థం కాలేదు. తప్పు చేశానని మాత్రం బొటనవేలికి కూడా తెలిసింది.

"కొన్న రాయి పనికిరాదు. ఏరుకొచ్చిన రాయి పనికిరాదు. నీ చేత్తో సుత్తి పట్టి పగలగొట్టిన రాయే ఎయ్యాల. ఎవురిది ఏ రాయో ఎవురూ సెప్పగూడదు." ఇలా అని లోపలికి తిరిగింది. "ఒరే ఈరన్నా, ఈ బండ జాలాట్లో ఎయ్యి. బట్టలు ఉతుక్కోనీకి బాగుంటాది."

భక్తి సమర్పణ చాకిరేవు బండ అయ్యింది. హారిక నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది.

అప్పుడు ఈరన్న అసలు సంగతి చెప్పాడు. రోడ్డు పని సూపర్‌వైజరు రెండుసార్లు వచ్చి పోయాడట. గుడి అయితే పై వాళ్ళకు చెప్పి, పూజ చేయించి, పక్కకు జరుపుతామన్నాడు. ఉత్త రాళ్ళయితే సోమవారం పొద్దున్నే మిషను పెట్టి ఎత్తేస్తామన్నాడు. "మంచి కంకర, రోడ్డు కిందికే పనికొస్తాది" అన్నాడట.

"మళ్ళా రోడ్డు కిందికేనా?" అంది అవ్వ. ఎవరినీ అడిగినట్టు లేదు.

ఈరన్న ఉపాయం ఈరన్నకుంది. కొత్త చీర, పసుపు, కుంకుమ, జాతరలో అమ్మే వెండి రంగు కళ్ళు కొనిపెట్టాడు. ఆదివారం కుప్పకు చీర కట్టి, కళ్ళు అతికిస్తే సరి, సోమవారానికి గుడి తయారు. నాకు చాలా నచ్చింది. నేనైతే గంట కూడా కట్టేవాణ్ణి.

అవ్వ ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే చెప్పలేదు. "కట్టగూడదు" అంది. "మరైతే ఎట్ల నిలబెడతావమ్మా దాన్ని?" అన్నాడు ఈరన్న. అవ్వ చీర కొంగుతో రొట్టె పిండి చేతులు తుడుచుకుంటూ కూర్చుంది. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి, తుడుస్తూనే ఉంది.

ఆదివారం: సుత్తి, బొటనవేలు, నిజం

పొద్దున్నే కుప్ప దగ్గరికి పోయాం. ఈరన్న కబురు పంపినట్టున్నాడు, మగ్గాల ఇళ్ళవాళ్ళు, చుట్టుపక్కల పల్లెల రైతులు, కూలీలు అప్పటికే చేరారు. కుప్పకు ఆనుకుని హనుమన్న అనే రైతు పత్తి చేను. నా చేతికి సుత్తి, ముందు ఒక బండరాయి పెట్టారు.

ఇడ్లీపిండి గరిటె తిప్పే చెయ్యి నాది. మొదటి దెబ్బ రాయికి తగల్లేదు. రెండో దెబ్బకు సుత్తి ఎగిరి వెనక్కి పోయింది. మూడో దెబ్బ ఎడమ బొటనవేలికి. కాలిదీ చేతిదీ జత కుదిరింది. చివరికి వక్కంత ముక్క ఊడింది.

"అన్నా, దాన్ని తమలపాకులో ఎయ్యాలనా?" అన్నాడు హనుమన్న. జనం నవ్వారు.

అవ్వ మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, వాచిన వేలు చూస్తూ, "ఆ తల్లి గూడా ఇట్లనే కొట్టింటాది" అంది.

అప్పటికే ఈరన్న చీర మడత విప్పుతున్నాడు. హారిక అతనికి అడ్డం వెళ్ళలేదు. అవ్వ ముందు నేల మీద కూర్చుంది.

"ఏ తల్లి అవ్వా?"

"తెలుసుకోని ఏం జేస్తావు లేమ్మీ."

"అమ్మవారంటే దండం పెట్టి బస్సెక్కుతాను. మనిషంటే చెప్పు, ఆగుతాను."

అవ్వ కుప్ప వైపు చూసింది. ఈరన్న చేతుల్లో చీర గాలికి ఊగుతోంది.

"మా అత్త నాకు సెప్పినప్పుడు, పిల్లోళ్ళ సెవిన పడగూడదని ఒట్టేయించుకొన్యాది. ఆ ఒట్టు ఈ పొద్దు తీసి గట్టున పెడతాండా" అంటూ మొదలుపెట్టింది. అక్కడున్న చాలామందికి, ఈరన్నతో సహా, అది వినడం అదే మొదటిసారి. ఆమె మాటల్లోనే ఇస్తాను.

"పెద్ద కరువు. వాన ల్యా, గింజ ల్యా. నేసిన గుడ్డ కొనేటోడు ల్యా. తెల్లదొర రోడ్డు పని పెట్టినాడు. రాయి కొట్టాల. నేల మీద పెట్టి కొలిసేదానికి, అడుగు లేని పెట్టె తలా ఒకటి ఉండె. పొద్దుగూకే లోపల ఆ పెట్టె నిండా కంకర కొడితేనే జొన్నలు. నిండకపోతే ల్యా. మనోళ్ళవి నూలు పట్టిన సేతులు. సేద్యగాళ్ళు గూడా ఎముకలై ఉండిరి. పనిలో అందరూ ఉండిరి, అన్ని కులాలోళ్ళు.

"ఒక బాలింత ఉండె. సంకలో పసిగుడ్డు. పెట్టె సగం గూడా నిండలే. మునిమాపున అందరూ పెట్టెల కాడికి పోతా, ఒక్కొక్కరు తమ కుప్పలోంచి ఒక పిడికెడు ఆమె పెట్టెలో ఏసిరి. కొలత నిండినాది. ఒక దినం గాదు, దినామూ అట్లే జేసిరి. ఒక పొద్దు దొర జూసినాడు. దొంగతనమన్నాడు. పెట్టెను తన్నినాడు. ఎవురేసినారు, పేర్లు సెప్పమన్నాడు. ఒక్కరూ నోరిప్పలే. ఆమెను బండి సక్రానికి కట్టించి, కొరడాతో కొట్టించినాడు. కొట్టమన్యాది తెల్లోడు, కొట్టింది మనోడు. అది గూడా సెప్పాల. ఎవురేసినారంటాడు, కొట్టిస్తాడు. ఆమె గూడా సెప్పలే. ఆమెకు తెలుసు అందరి పేర్లూ.

"ఆ గుంపుకంతా పని ల్యా, గింజ ల్యా అని తరిమేసిరి. పోనీకి యాడుంది? ఈ దారెంబడే రాలిపోయిరి. ముందు ఆమె. పూడ్సనీకి శక్తి ల్యాక, దారికి తవ్విన గుంతలోనే పెట్టిరి. మీదనే రోడ్డేసిరి. బతికినోళ్ళు తలా పిడికెడు కంకర ఈడ పోసిరి. 'నీ కొలత నిండాల తల్లీ' అని. అది ఈ కుప్ప. ఆ పొద్దు పేర్లు సెప్పలే గదా, అందుకే దీనికి పేర్లు ల్యావు."

"మరి ఎందుకు దాచారు?" అని అడిగింది హారిక.

"కొరడా దెబ్బలు తిన్యారని, ఒకే కుండలో అందరూ గంజి తాగినారని తెలిస్తే సంబంధాలు వస్తాయా? సిగ్గు. సిగ్గుకు పసుపు పూసి అమ్మను జేసుకొంటిమి. చీర కట్టనీలేదు నేను. కడితే ఇంగ ఆమె మనిషని ఎవురికీ గుర్తుండదు."

నా వైపు తిరిగింది. "ఆ పసిగుడ్డును ఆమె తమ్ముడు గుడ్డలో సుట్టుకోని తూర్పుగా నడిసిపోయినాడు. సముద్రం వచ్చేదాకా. ఆ పసిగుడ్డే మీ ముత్తాత."

నాకు ఒక్కటే గుర్తుకొచ్చింది. మా నాయనమ్మ పొరుగువాళ్ళకు బియ్యం కొలిచి పోసేటప్పుడు, సోల నిండాక కూడా ఇంకో పిడికెడు వేసి, 'కొలత నిండాలి' అనేది. మా నాన్నా అంతే. నేను చట్నీ ఇంకో గరిటె వేస్తే మా ఆవిడ, 'దివాలా తీసే వంశం' అంటుంది. ఆ చేతి అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకప్పుడు తెలిసింది. కరణాలమనీ జమీందార్లమనీ చెప్పుకునేవాళ్ళ ముందు నేను జోకులేసి తప్పుకునేవాణ్ణి, మా వంశంలో చెప్పుకునేది ఏముందిలే అని. ఆకలితో చస్తూ పరాయి బిడ్డ తల్లి కోసం పిడికెడు రాళ్ళు వదులుకున్న మనుషులు, కొరడా కింద కూడా వాళ్ళ పేరు చెప్పని మనిషి. ఇంతకంటే గొప్ప ఇంటిపేరు నాకు ఎవరు చెక్కించి ఇస్తారు?

ఈరన్న చీర మడిచేశాడు. వెండి కళ్ళు జేబులో వేసుకున్నాడు. "మరి రేపు మిషను వస్తాది గదమ్మా" అన్నాడు. ఈసారి గొంతులో వాదన లేదు.

హనుమన్న సుత్తి కింద పెట్టి లేచాడు. "అన్ని కులాలోళ్ళు ఉండిరంటివి గదవ్వా, మా ముత్తాతోళ్ళు గూడా ఆ గుంపులో ఉండింటారు. నా సేను గట్టు మీద పెట్టండి. రోడ్డోళ్ళ కొలత ఈడికి రాదు."

"ఆమె రోడ్డు కిందనే యాడో ఉండాది. కుప్ప అంటే కొలతే. కొలత యాడున్నా కొలతే" అంది అవ్వ. "కానీ మిషను తగలగూడదు. తట్టల్లో గూడా వొద్దు. సేతులతో."

ఆ ఆదివారం చూడాలి మీరు. మిషన్లకు సెలవు, మనుషులకు పని. రోడ్డు పక్క నుంచి గట్టు దాకా రెండు వరసలు నిలబడి, రాయి చేతిలోంచి చేతిలోకి పోయింది. నేతవాడి చేతిలోంచి రైతు చేతికి, ముసలామె చేతిలోంచి కాలేజీ పిల్ల చేతికి. ఆగిన బస్సుల్లోంచి కూడా దిగి వరసలో నిలబడ్డారు. మధ్యలో ఎవరో గంజి కాచి తెచ్చారు. ఒకే కుండ. అందరూ తాగారు, ఈసారి ఎవరూ దాచాలనుకోలేదు. చిన్నపిల్లలు ఒకరినొకరు 'దొంగ కొలత, దొంగ కొలత' అని ఆటపట్టించుకుంటూ ఒక్కో రాయి అదనంగా వేశారు.

చివర్లో నా వక్క ముక్క వేశాను. కొత్త కుప్ప మీద అది కనపడను కూడా కనపడలేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకునేలోపు, దాని పక్కన గుప్పెడంత రాయి ఇంకోటి పడింది. ఎవరు వేశారో చూశాను. చెప్పను.

సాయంత్రం హారిక ఈరన్నతో జాలాట్లోంచి నా గ్రానైటు పలక తెప్పించింది. నేను సంతోషపడబోయాను. కొత్త కుప్ప ముందు బోర్లా తిప్పి పెట్టింది. నా భక్తి సమర్పణ మట్టిలోకి, గరుకు వైపు పైకి. తలుపుకు వేయగా మిగిలిన తెల్ల పెయింటుతో ఒక్క వాక్యం రాసింది. ఏ భాషలో రాయాలని అవ్వను అడిగితే, "మన మాటలోనే రాయి" అందట.

'ఈ రోడ్డు ఏసినోళ్ళు ఈడ ఉండారు.'

సోమవారం: ఎవరేసినారు?

మిషను వచ్చింది. సూపర్‌వైజరు వచ్చాడు. కుప్ప ఉండాల్సిన చోట చదునైన నేల ఉంది. గట్టు మీద కుప్ప ఉంది. చుట్టూ జనం, పత్తి చేనుకు కాపలా వచ్చినట్టు.

"ఎవురు జరిపినారు దీన్ని?"

ఎవరూ మాట్లాడలేదు.

"పెద్దాయనా, నువ్వు సెప్పు. నీ సేనే గదా."

హనుమన్న ఆకాశం వైపు చూశాడు. వాన వస్తుందో లేదో తేల్చుకుంటున్నట్టు.

"అవ్వా?"

అవ్వకు సరిగ్గా అప్పుడే చెవుడు వచ్చింది.

"ఈ రాత ఎవురిది? ఒక్కరన్నా పేరు సెప్పండప్పా, పైన అడిగితే నేను సెప్పుకోవాల గదా."

హారిక వేళ్ళకు తెల్ల పెయింటు ఇంకా ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుని, ముందుకు చూస్తూ నిలబడింది. పక్కనున్న ఆడపిల్లలూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆ పక్కనున్న మగపిల్లలూ. నేనూ పెట్టుకున్నాను. నా చేతికి పెయింటు లేదు, వాచిన వేలుంది.

సూపర్‌వైజరు పలక మీది వాక్యం ఒకసారి చదివాడు. జనాన్ని చూశాడు. "నాకేమప్పా, దారిలో ల్యాదు గదా" అని డ్రైవరుకు చెయ్యి ఊపాడు. మిషను ఖాళీ నేలను గీకుకుంటూ పోయింది. అవ్వ హారిక భుజం మీద చెయ్యి వేసి, "ఇంగ నాకు నిద్ర పడతాది" అంది. అప్పటికి ఇంకా పొద్దు నడినెత్తికి రాలేదు.

తిరుగు బస్సు

అవ్వ మూట కట్టిచ్చిన జొన్నరొట్టెలు ఒళ్ళో, ఇద్దరం ఆదోని బస్సెక్కాం. వచ్చేటప్పటి కండక్టరే. తువ్వాలు కూడా అదే. బస్సు కంకర మీద గడగడలాడుతూ పోతోంది. వెనక సీట్లో ఎవరో, "తెల్లోడు ఏసిన రోడ్డు..." అని మొదలుపెట్టాడు. హారిక వెనక్కి తిరిగింది.

"తెల్లవాడు గుర్రం మీద కూర్చున్నాడండీ. వేసింది మా వాళ్ళు."

నా ఛాతీకి బస్సు సీటు చాలలేదు.

అంతలో కండక్టరు మా దగ్గరికి వచ్చాడు. నేను కాలు మీద కాలు వేసుకున్నాను, బొటనవేలు నొప్పి పెట్టినా సరే.

"ఏమప్పా, మా ముత్తవ్వ వేసిన రోడ్డు మీద నాకు టిక్కెట్టా?"

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. కిటికీలోంచి గట్టు మీది కొత్త కుప్ప కనపడుతోంది. డ్రైవరు అప్పటికే బస్సు నెమ్మది చేస్తున్నాడు. కండక్టరు జేబులో చెయ్యి పెట్టి, కంకర ముక్క ఒకటి తీసి, నా మీదుగా వంగి కిటికీలోంచి విసిరాడు.

"మా ముత్తవ్వ గూడా మోసినాదిలే. టిక్కెట్టు తీస్కో."